అల్వాకేరియా

తెలుగు నేల మీద తిరిగిన డైనోసార్లలో ఎంతో పాతది, ఎంతో చిన్నది అల్వాకేరియా. రెండు కాళ్ల మీద నడిచేది. నిలబడితే మనిషి మోకాలి ఎత్తు, ముక్కు కొస నుంచి తోక కొస దాకా మీటరు, మీటరున్నర పొడవు ఉండేదని అంచనా. సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట, ట్రయాసిక్ యుగం చివరి భాగంలో, ఇప్పటి ప్రాణహిత, గోదావరి నదుల పరిసరాల్లో బతికింది. శాస్త్రీయ నామం అల్వాకేరియా మలేరియెన్సిస్. దీనికి ఆధారం ఒకే ఒక్క నమూనా: దవడల ముందు భాగాలు, విరిగిన 28 వెన్నుపూసలు, ఒక తొడ ఎముక, ఒక చీలమండ ఎముక. అన్నీ కలిపినా ఒక చేటలో పడతాయి. ఆ చేటలోనివన్నీ ఒకే జంతువువా అన్న ప్రశ్న ఈ జీవి కథలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

డైనోసార్‌ను తెలుగులో రాక్షసబల్లి అని రాయడం అలవాటైంది. అల్వాకేరియాకు ఆ మాట సరిపోదు. అది భారీ జంతువు కాదు, బల్లి అసలే కాదు. బల్లి కాళ్లు పక్కలకు చాచి, పొట్ట నేలకు దగ్గరగా పెట్టి పాకుతుంది. అల్వాకేరియా కాళ్లు కోడి కాళ్లలా ఒంటి కిందికి నిలువుగా దిగుతాయి. దాని చుట్టరికం వెతకాలంటే గోడ మీది బల్లిని వదిలి పెరట్లో తిరిగే కోడిని చూడాలి.

అనంతపురంలో ఎందుకు దొరకదు

గుత్తి కోట, పెనుకొండ కొండల నీడలో పెరిగిన పిల్లలకు ఒక సందేహం రావడం సహజం. మన అనంతపురం సీమలో ఎటు చూసినా రాళ్లే కదా, మరి వాటిలో డైనోసార్ ఎముకలు ఎందుకు లేవు? ఆ రాళ్లు మరీ పాతవి కాబట్టి. అనంతపురం పీఠభూమికి పునాది అయిన గ్రానైట్, నైస్ శిలల వయసు 250 కోట్ల ఏళ్లు దాటింది. వజ్రకరూరు దగ్గర వజ్రాలను పైకి తెచ్చిన కింబర్లైట్ గొట్టాలు కూడా సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. ఇంటి అరుగులకు పరిచే తాడిపత్రి బండ నిజంగా నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయే. అయితే అది పేరుకునే నాటికి భూమ్మీద ఎముకలున్న జంతువే పుట్టలేదు.

దీన్నిబట్టి డైనోసార్ల కాలంలో ఈ పీఠభూమి ఖాళీగా ఉందని అనుకోకూడదు. జంతువులు తిరిగే ఉంటాయి. వాటిని పూడ్చిపెట్టే మట్టి మాత్రం ఇక్కడ నిలవలేదు. ఎముక శిలాజం కావాలంటే పల్లం కావాలి, వరద కావాలి, వరద వెంట ఒండ్రు రావాలి, ఆ ఒండ్రు మళ్లీ కొట్టుకుపోకుండా కోట్ల ఏళ్లు ఉండాలి. మెట్ట నేల ఉన్నదాన్ని పోగొట్టుకుంటుంది. పల్లం దాచుకుంటుంది.

ఆ పల్లం గోదావరి లోయ. అక్కడ భూమి పైపొర ఒక పొడవాటి తొట్టిలా నెమ్మదిగా కుంగుతూ వచ్చింది. కుంగిన కొద్దీ నదులు ఇసుక, మట్టి తెచ్చి నింపాయి. అడుగు పొరల్లో పాతుకుపోయిన అడవులే సింగరేణి బొగ్గు. వాటిపైన వరుసగా ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అనే పొరలు ఉన్నాయి. ఒక్కో పొరకు అక్కడి ఊరి పేరే పెట్టారు. ఈ లోయ పల్లెల పేర్లు ప్రపంచ శిలాజ శాస్త్ర గ్రంథాల్లో ఇలా స్థిరపడిపోయాయి.

మలేరి పొరలో ఎక్కువగా కనిపించేది ఎర్రమట్టి రాయి. మధ్యమధ్య ఇసుకరాతి పట్టీలు, సున్నపు గడ్డల పోగులు ఉంటాయి. ఈ గడ్డలు గమనించదగ్గవి. వానాకాలంలో నీరు నేలలోకి దిగి, తర్వాత నెలల తరబడి ఎండ కాస్తే మట్టిలోని సున్నం ఇలా గడ్డకడుతుంది. కరవు సీమ చేలలో గుంత తవ్విన రైతులకు ఇవి కొత్త కాదు. అంటే అల్వాకేరియా తిరిగిన నేలలోనూ ఏడాదికి ఒక తడి కాలం, ఒక పొడవైన ఎండు కాలం ఉండేవి. అనంతపురం రాతిలో డైనోసార్ లేకపోయినా, ఆ డైనోసార్ ఎరిగిన ఎండ ఎలాంటిదో అనంతపురం మనిషికి తెలుసు.

దొరికిన తీరు, పేరు

మలేరి శిలాజాల సంగతి 19వ శతాబ్దంలోనే బయటికొచ్చింది. నాగపూరులో ఉన్న స్కాట్లాండు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ వీటిని పట్టించుకున్న తొలితరం వాడు. మొసలిని పోలిన ఒక మలేరి జంతువుకు శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ 1885లో పారాసూకస్ హిస్లోపి అని ఆయన పేరే పెట్టాడు. అసలైన తవ్వకాలకు మాత్రం మరో 70 ఏళ్లు పట్టింది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపిన ప్రశాంతచంద్ర మహలనోబిస్, లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించి, 1950ల చివరలో తన సంస్థలో భూగర్భ అధ్యయన విభాగం మొదలుపెట్టించాడు. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ దూరదృష్టి వల్లే మన గోదావరి లోయకు చరిత్ర దక్కింది. అక్కడ దొరికిన ఒక జంతువు జాతి పేరులో స్టాటిస్టికే అన్న మాట ఆ రుణానికి గుర్తుగా ఉండిపోయింది.

ఆ విభాగంలో తయారైన శంకర్ ఛటర్జీ 1974లో నెన్నెల గ్రామం దగ్గర ఈ చిన్న ఎముకలను సేకరించాడు. నెన్నెల ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో మండల కేంద్రం. 1987లో ఆయన వీటిని వాకేరియా అనే కొత్త డైనోసార్‌గా ప్రకటించాడు. స్కాట్లాండులోని ఎల్గిన్ శిలాజాలను జీవితమంతా పరిశీలించిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలిక్ వాకర్ గౌరవార్థం ఆ పేరు పెట్టాడు. ఎల్గిన్‌కు మలేరికి సంబంధం ఉంది. హైపరోడాపెడాన్ అనే ముక్కు వంగిన శాకాహార సరీసృపం రెండు చోట్లా దొరుకుతుంది. ఖండాలన్నీ ఒకే నేలగా ఉన్న కాలమది. అయితే వాకేరియా అన్న పేరు అప్పటికే సముద్రంలో నాచులా అతుక్కుని బతికే ఒక చిన్న జీవికి ఉందని తేలింది. ఒకే పేరు రెండు జంతుజాతులకు చెల్లదు. అందుకే 1994లో ఛటర్జీ, బెన్ క్రైస్లర్ కలిసి ఆలిక్ వాకర్ పేరు రెండు ముక్కలనూ అతికి అల్వాకేరియా చేశారు.

దవడ ఒకరిది, కాలు ఒకరిది

ఛటర్జీ వర్ణనలో ఈ జీవి ముందు పళ్లు సన్నగా, నిటారుగా ఉన్నాయి. వెనక పళ్లు మాంసాహారుల పళ్లలా వెనక్కి వంగి ఉన్నాయి. పళ్ల అంచులకు రంపపు గరుకు లేదు. పై దవడలో ముందు ఎముకకు, వెనక ఎముకకు మధ్య ఒక సందు ఉంది. ఇలా రెండు రకాల పళ్లున్న జంతువు పురుగులు, చిన్న బల్లులు, మొక్కలు ఏది దొరికితే అది తినేదని అందరూ ఊహించారు. పిల్లల బొమ్మల పుస్తకాల్లోకి, పెద్దల విజ్ఞాన సర్వస్వాల్లోకి అదే ఎక్కింది. అర్జెంటీనాలో దొరికి 1993లో పేరు పొందిన ఇయోరాప్టర్ అనే మీటరు పొడవు డైనోసార్‌తో ఈ పళ్లకు పోలిక కనిపించడం ఆ ఊహకు బలమిచ్చింది.

2005లో జర్మన్ శాస్త్రవేత్తలు క్రిస్టియన్ రెమెస్, ఆలివర్ రౌహుట్ ఈ ఎముకలను మళ్లీ ఒక్కొక్కటిగా పరీక్షించి, ఇది ఒక జంతువు కాదని తేల్చారు. వారి లెక్కలో దవడ ముక్కలు మొసళ్ల వంశానికి దగ్గరి సరీసృపానివి. వెన్నుపూసల్లో కొన్ని పొడవు మెడ గల మరో రకం సరీసృపానివి. తొడ ఎముక, చీలమండ ఎముక మాత్రం నిస్సందేహంగా డైనోసార్‌వి. వరదలో కొట్టుకొచ్చి ఒకే చోట పూడుకుపోయిన వేర్వేరు జంతువుల ఎముకలు ఒకే పేరు కిందికి చేరాయన్నమాట. ఎర్రమట్టి పల్లంలో ఇది వింత కాదు. చిన్న ఎముకలు చెదరడం ఎంత తేలికో, కలిసిపోవడం కూడా అంతే తేలిక.

ఛటర్జీకి ఈ అనుభవం ఇక్కడితో ఆగలేదు. అమెరికాలోని టెక్సస్‌లో దొరికిన ప్రోటోఎవిస్ ట్రయాసిక్ కాలపు పక్షి అని ఆయన 1991లో గట్టిగా వాదించాడు. అదీ పలు జంతువుల కలగలుపేనని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంత చెప్పాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఎండలో వంగి, గోరంత ఎముకలను మట్టిలోంచి ఏరి, సంఖ్య వేసి భద్రపరిచినవాడు లేకపోతే 30 ఏళ్ల తర్వాత సరిదిద్దడానికి ఏమీ మిగిలేది కాదు.

కాబట్టి అల్వాకేరియా ఏం తినేదన్న పాత వర్ణనను ఇప్పుడు పక్కన పెట్టాలి. దవడ దానిది కానప్పుడు పళ్లు చెప్పే సాక్ష్యం దానికి వర్తించదు. అల్వాకేరియా గురించి మనతో నమ్మకంగా మాట్లాడేది దాని కాలే.

కాలు చెప్పే సంగతులు

డైనోసార్ల తొడ ఎముక తల లోపలి వైపుకు తిరిగి, తుంటిలోని రంధ్రంలో ఇమిడి ఉంటుంది. మిగతా సరీసృపాల తుంటిలో ఆ చోట ఒక గిన్నెలాంటి గుంట ఉంటే, డైనోసార్లలో అది అటు నుంచి ఇటు తెరుచుకున్న రంధ్రం. ఈ అమరిక వల్ల కాలు పక్కకు జారకుండా ఒంటి కింద స్తంభంలా నిలుస్తుంది. బరువు మోయడానికి కండరాలు ఎప్పుడూ బిగుసుకుని ఉండనక్కరలేదు. పరుగెత్తుతూనే ఊపిరి తీసుకోవచ్చు. అల్వాకేరియా తొడ ఎముక లోపల బోలు, వెదురు గొట్టంలా. తక్కువ బరువుకు ఎక్కువ బలం.

ఇక చీలమండ. ఆస్ట్రగాలస్ అనే ఈ ఎముక పిడికిట్లో దాగేంత చిన్నది. మొసళ్ల వంశంలో చీలమండ రెండు ఎముకల మధ్య మెలి తిరుగుతుంది. డైనోసార్లలో అలా కాదు. ఆ రెండు ఎముకలూ పిక్క ఎముకకు అంటిపెట్టుకుని ఉంటాయి. వాటి కింది అంచు దగ్గర పాదం మొత్తం తలుపు బందులా ముందుకు వెనక్కి మాత్రమే ఆడుతుంది. అడుగు అటూఇటూ పోకుండా సూటిగా పడుతుంది. రెండు వంశాలు విడిపోయిన చోటు ఈ కీలే. దవడ గురించి ఎంత వాదించుకున్నా, ఈ చీలమండ డైనోసార్‌దే అని అందరూ ఒప్పుకోవడానికి కారణం ఇదే.

దీన్ని చూడటానికి మ్యూజియానికి వెళ్లనక్కరలేదు. సంగటిలోకి నాటుకోడి పులుసు వండిన రోజు కాలు ముక్కను జాగ్రత్తగా చూస్తే చాలు. ముక్క సన్నటి కొసన గుండ్రంగా, నున్నగా కనిపించే బుడిపెలోనే ఆస్ట్రగాలస్ ఉంది. గుడ్డులోని పిల్లలో అది విడి ఎముక. కోడి పెరిగేసరికి పిక్క ఎముకలో కలిసిపోతుంది. అదే ముక్కలో పెద్ద ఎముక పక్కన పుల్లలా సన్నగా, తినేటప్పుడు గుచ్చుకునే ఎముక ఇంకొకటి ఉంటుంది. అది పిక్క పక్క ఎముక అవశేషం. అల్వాకేరియాలో ఆ పక్క ఎముక చాలా బలమైనదే అయి ఉండాలి. చీలమండ మీద అది ఆనే చోటు ఎంతో వెడల్పుగా ఉంది. 23 కోట్ల ఏళ్లలో ఒక దృఢమైన ఎముక పుల్లగా తగ్గిపోయిన చరిత్ర మన కంచంలోనే ఉందన్నమాట. కోడి మోకాలు వెనక్కి వంగుతుందని చాలామంది అనుకుంటారు. వెనక్కి వంగినట్టు కనిపించేది చీలమండ. అసలు మోకాలు ఈకల కింద, పొట్ట పక్కన దాక్కుని ఉంటుంది.

పోలికలు ఇంతవరకే. అల్వాకేరియా పక్షులకు తాత కాదు. పక్షుల వంశం, ఈ జీవి వంశం చాలా ముందే చీలిపోయి ఉండవచ్చు. బల్లి తుంటి డైనోసార్లు అనే పెద్ద గుంపు మొదట్లో ఇది ఎక్కడో ఉంటుందని మాత్రమే ఈ ఎముకలు చెబుతాయి. ఆ గుంపులోంచే ఒక కొమ్మ కోటసారస్ లాంటి మహాకాయులుగా పెరిగింది, మరో కొమ్మ పిచ్చుకలుగా ఎగిరింది.

బతుకు తీరు

నడకకు ఎముక సాక్ష్యం ఉంది. మిగతా అలవాట్లకు శాస్త్రవేత్తలు ఒక తెలివైన దారి పట్టారు. ఇవాళ బతికున్నవాటిలో డైనోసార్లకు ఒక పక్క దగ్గరి బంధువు మొసలి, మరో పక్క వారసురాలు పక్షి. ఈ రెండింటిలోనూ ఉన్న లక్షణం మధ్యలోని డైనోసార్‌లోనూ ఉండి ఉండాలి. మొసలికి, కోడికి గుండెలో నాలుగు గదులు ఉంటాయి. కాబట్టి అల్వాకేరియా గుండె కూడా అలాంటిదే. రెండూ గుడ్లు పెడతాయి, గూడు కాస్తాయి, పిల్లలను కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉంటాయి. ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో ప్రవహించడం పక్షుల సొత్తు అనుకునేవారు. 2010లో మొసలి చుట్టమైన అమెరికా ఎలిగేటర్‌లోనూ అది బయటపడింది. అంటే ఆ ఏర్పాటు కూడా డైనోసార్ల కన్నా పాతదే.

ఈకల విషయంలో మాత్రం తొందర పడకూడదు. చైనాలో 1996లో సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ ఒంటి మీద నూగు లాంటి ఈకలు కనిపించాయి. మెయ్ లాంగ్ అనే బాతంత డైనోసార్ తలను చేయి కిందికి దోపుకుని, పక్షిలా ముడుచుకుని నిద్రపోతూ శిలాజమైంది. మంగోలియాలో సిటిపాటి అనే డైనోసార్ గుడ్ల మీద కూర్చునే చనిపోయింది. ఇవన్నీ అల్వాకేరియా తర్వాత పది కోట్ల ఏళ్లకు పైగా గడిచాక వచ్చినవి, పక్షులకు బాగా దగ్గరి చుట్టాలు. అల్వాకేరియాకు రంగురంగుల ఈకలు తొడిగే బొమ్మలు చిత్రకారుల కల్పన.

దాని పరిసరాలు మాత్రం స్పష్టంగా తెలుసు. నదుల్లో ఊపిరితిత్తుల చేపలు ఉండేవి. నీటి ఒడ్డున చదునైన తలతో, మొసలంత ఉభయచరాలు పొంచి ఉండేవి. పొదల్లో హైపరోడాపెడాన్లు మేసేవి. నిజమైన భయం పారాసూకస్. మలేరిలో దొరికిన రెండు నిండు పారాసూకస్ అస్థిపంజరాల పొట్ట భాగాల్లో మలేరిసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలు కనిపించాయి. నీళ్లు తాగడానికి వచ్చిన చిన్న జంతువుల గతి ఏమిటో అది చెబుతుంది. ఆ కాలంలో డైనోసార్లు ఇంకా ఏలికలు కాలేదు. బరువులోనూ, సంఖ్యలోనూ మిగతా సరీసృపాలదే పైచేయి. ఎండు కాలంలో మడుగు చుట్టూ అందరూ చేరినప్పుడు ఈ మోకాలెత్తు జీవికి దక్కిన రక్షణ దాని కాళ్లే.

తర్వాతివారు

అదే లోయలో మలేరి పై పొరల నుంచి నంబాలియా, జక్లపల్లిసారస్ అనే మరో రెండు డైనోసార్లకు 2011లో పేర్లు పెట్టారు. 2025లో మలేరిరాప్టర్ కుట్టీ వచ్చింది. దశాబ్దాల పాటు గోదావరి లోయలో శిలాజాలు వెలికితీసిన టి.ఎస్. కుట్టీ పేరు అది. ఇది సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి వేటజీవి. ఇంకా పైన కోట పొరలో, జురాసిక్ కాలానికి, డైనోసార్లు ఏనుగులను మించిపోయాయి. అక్కడి కోటసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అల్వాకేరియాకు అలాంటి మండపం లేదు. జబల్‌పూర్ దగ్గర బడా సిమ్లా కొండలో దొరికి, 1933లో పేరు పొందిన లీవిసూకస్ అనే చిన్న డైనోసార్‌దీ ఇదే పరిస్థితి. కొన్ని వెన్నుపూసలే దానికి ఆస్తి. పెద్ద ఎముకలు నిలుస్తాయి, చిన్నవి పోతాయి. అందువల్ల పాత ప్రపంచంలో చిన్న డైనోసార్లు ఎన్ని ఉండేవో మనం ఎప్పుడూ తక్కువగానే లెక్కేస్తాం.

పీఠభూమి మీద మిగిలిన అడుగు

పక్షులు డైనోసార్లే అని ఒప్పుకున్నాక అనంతపురానికి కూడా ఈ వ్యాసంలో సొంత చోటు దొరుకుతుంది. నేల మీద పరుగెత్తే ఒక చిన్న డైనోసార్ ఈ సీమది. పేరు కలివి కోడి. జానెడు పైన పొడవు, సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్ము మీద రెండు పట్టీలు, రాత్రి చూపుకు తగ్గ పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. పగలు కలివి, రేగు, తుమ్మ పొదల నీడలో కదలకుండా కూర్చుంటుంది. పొద్దు గుంకాక బయటికొచ్చి, పొదల మధ్య బయళ్లలో పురుగుల కోసం పరుగులు తీస్తుంది. రెక్కలున్నా దాని నమ్మకం కాళ్ల మీదే.

1848లో థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడి ద్వారా ఇది శాస్త్రానికి తెలిసింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం బ్లాన్‌ఫోర్డ్ దీన్ని గోదావరి లోయలో, సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూశాడు. కోట శిలాజాల లోయ, కలివి కోడి లోయ ఒకటే కావడం యాదృచ్ఛికమే అయినా, నాకు అది ఎప్పుడూ గుర్తుండిపోయే సంగతి. 1900లో అనంతపురం పరిసరాల్లో హోవర్డ్ క్యాంప్‌బెల్ దీన్ని నమోదు చేశాడు. ఆ తర్వాత 86 ఏళ్లు కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట టార్చి వెలుగులో, స్థానికుల సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ బృందం దాన్ని మళ్లీ కనుగొంది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా దాని కోసం మళ్లించాల్సి వచ్చింది. పొదలు కొట్టి చదును చేయడమే ఇవాళ దానికి పెద్ద ఆపద.

ఇంత అరుదైన పక్షిని చీకట్లో వెతకడం కష్టం. అందుకే పరిశోధకులు పొదల మధ్య దారుల్లో మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, చదును చేసి వదిలేసేవారు. తెల్లవారి వచ్చి ఆ మట్టి మీద పడిన అడుగులు కొలిచేవారు. కోడికి, కౌజుకు ఉన్నట్టు వెనక వేలు ఈ పక్షికి లేదు. ముందుకు మూడు వేళ్లు మాత్రమే. రాత్రి అటు వెళ్లింది కలివి కోడో కాదో ఆ మూడు వేళ్ల ముద్రను బట్టే చెప్పేవారు.